ఒక్కసారి చిరగడానికి

కుటాయిసిలో సైకిళ్ల కొట్టు పక్కన మెట్లు దిగితే
నోదరి తాళ్ల దుకాణం.
కొత్త నైలాను వాసన, పాత సిగరెట్ల వాసన.
"బరువెంత?" అన్నాడు, లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా.
"నాదా?"
"ఎక్కేవాడిది."

తమ్ముడిది. ఎనభై రెండు కిలోలు.
"బూట్లతోనా?"
ఎనభై నాలుగు.
"సంచి నిండాక?"

అక్కడ ఆగిపోయాను.
ఉచా నడుముకు వేలాడేటప్పుడు ఆ సంచిని ఎవరూ తూచలేదు.
నేలకు దిగాకే కాటా పెడతారు,
కాయలకు మాత్రమే రేటు కడతారు.

మాది రాచా కొండల వైపు. ఫర్ చెట్లు ముప్పై, నలభై మీటర్లు.
కాయలన్నీ చిటారునే,
కింది కొమ్మలకు ఎంత వెతికినా ఒక్కటుండదు.
పచ్చిగా ఉండగానే, విచ్చి రాలకముందే కోయాలి.
సెప్టెంబరులో మూడు వారాలు,
వాన రోజులు తీసేస్తే పదకొండు.
ఆ గింజలు సముద్రాల అవతలెక్కడో మొలిచి
పండక్కి ఎవరింట్లోనో దీపాలు కట్టించుకుంటాయట.
మేం చూడలేదు.

నిరుడు ఉచా కట్టుకున్నది లారీలు లాగే మోకు,
జుంబేరు మామది, బొటనవేలంత లావు.
రెండు మీటర్లు జారాడు, అంతే.
మోకు తెగలేదు.
ఊరంతా మోకును మెచ్చుకుంది.
మామ దాన్ని చుట్టచుట్టి మేకుకు తగిలించాడు, పతకంలా.
ఆ కుదుపు మాత్రం ఎక్కడికి పోతుంది?
ఉచా నడుములోకి పోయింది.
ఇప్పటికీ బూటు లేసు కట్టుకోవాలంటే వాడికి కుర్చీ కావాలి.
అయినా ఎక్కుతానంటాడు. అందుకే వచ్చాను.

నోదరి మూడు చుట్టలు బల్ల మీద పడేశాడు.
తెల్లది సాగదు. అది ఎక్కడానికి.
సాగే తాడు మీద ఎక్కడమంటే
ఉయ్యాల మీద నిచ్చెన వేసుకోవడమే.
ఎర్రది సాగుతుంది. అది జారినప్పుడు పట్టుకోడానికి.
మూడోది చవక. దాని గురించి ఏమీ చెప్పలేదు.
నేను ముందు ముట్టుకున్నది దాన్నేనని మాత్రం చూశాడు.

తర్వాత గుప్పిట్లో పట్టే చిన్న తిత్తి ఒకటి,
లోపల మడత మీద మడత కుట్టిన పట్టీ.
"పడితే ఈ కుట్లు ఒక్కొక్కటే పిగులుతాయి.
మనిషి తినాల్సిన దెబ్బ దారం తింటుంది."
ధర చెప్పాడు.
మనసులో దాన్ని కాయల్లోకి మార్చుకున్నాను:
నూట అరవై కిలోలు. మూడు చెట్లు, ఒక పగలు.
"ఒక్కసారి చిరగడానికా ఇంత?"

జవాబివ్వకుండా సొరుగు లాగి
చిరిగిన పట్టీ ఒకటి నా ముందు పెట్టాడు.
పేగులా సాగి, పోగులు పైకి లేచి, చెట్టు బంక ఎండి నల్లబడి.
"ఎవరిది?"
"ఓని నుంచి ఒకతను."
నా చెయ్యి దానంతటదే శిలువ గీసుకోబోయింది.
"ఆగమ్మా, ఆగు.
ఇది తెచ్చి నా చేతికిచ్చింది అతనే.
కొత్తది కొనుక్కుని, బేరమాడకుండా వెళ్లాడు."

నేను బేరమాడాను.
తాళ్ల మీద పది లారీలు తగ్గించాడు,
పట్టీ మీద పైసా తగ్గలేదు.
కాగితం చుడుతూ చెబుతూనే ఉన్నాడు:
ఇది తెరుచుకుంటే మీటరున్నర కిందికొస్తాడు,
ఆ మీటరున్నరలో మోడు కొమ్మ ఉండకూడదు.
ఫర్ చెట్టులో అలాంటి చోటెక్కడుంది, అన్నాను.
"ఉండదు. అందుకే తలకంటే పైన తగిలించమను.
వదులు ఉంచొద్దను.
బంక అంటితే కిరోసినుతో తుడవొద్దను, పొయ్యి దగ్గర ఆరెయ్యొద్దను.
ఇదుంది కదా అని దూకొద్దను."

ఇంట్లో ఉచా కాగితం విప్పి
కుట్టును గోటితో లేపి చూడబోయాడు.
"ముట్టుకోకు!"
వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది, పాము అనుకుని.

పట్టీకి కట్టిన చీటీలో రెండు గళ్లు:
వాడకం మొదలైన తేదీ, తీసి పారేసిన తేదీ.
మొదటిది వాడు ఎక్కే రోజున రాస్తాను.
అందాకా ఎండా ఎలుకా తగలకుండా
అన్నీ నా దుప్పట్ల పెట్టెలో పెట్టాను.
మేకు ఖాళీ లేదు,
దానికి ఇంకా ఆ మోకే వేలాడుతోంది.